తీపి తాగించి షుగరంటారా?

మీ ఇంట్లో ఆఖరిసారి పుట్టిన బిడ్డ బరువెంతో అడిగితే టక్కున చెబుతారు. ఆ బిడ్డను మోసిన నెలల్లో తల్లి రక్తంలో చక్కెర ఎంత ఉందో చెప్పగలరా?

మా ఇంట్లోనూ ఎవరూ చెప్పలేకపోయేవారు. మా అక్క పెద్దకొడుకు బరువు మాత్రం ఊరందరికీ తెలుసు. నాలుగు కిలోలు దాటి ముల్లు నాలుగున్నరకు దగ్గరపడింది. ముల్లు అని ఎందుకంటున్నానంటే, వాణ్ణి నర్సింగుహోము నుంచి ఇంటికి తెచ్చిన రోజున మా నాన్న వాణ్ణి పత్తి తూచే స్ప్రింగు కాటాకు తగిలించాడు. ఉతికిన పంచెలో ఉయ్యాలలా మూటగట్టి, వసారా దూలానికి వేలాడే కొక్కేనికి తగిలించి, ఒక చెయ్యి కింద అడ్డం పెట్టుకుని, ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. తరవాత పంచెను విడిగా తూచి ఆ బరువు తీసేశాడు. కొలవనిది నమ్మే మనిషి కాదు మా నాన్న.

మాది పర్చూరు దగ్గర పల్లె. మిరప, పత్తి, ఒక చెక్క నేలలో పొగాకు. నాన్నకు పగలు పొలం, సాయంత్రం గ్రంథాలయం అరుగు. ఆ అరుగు మీద దయ్యాల గురించి, జాతకాల గురించి, బాణామతి గురించి ఆయన చేసిన వాదనలు వింటూ నేను పెరిగాను. ఎదుటివాడు నోరు మూసుకుంటే నాన్నకు సంతోషం ఉండేది కాదు. ఒప్పుకుంటేనే సంతోషం. మా ఇంట్లో దేవుడి గది లేదు. అక్కది దండల పెళ్ళి. ముహూర్తానికి బదులు మిరపకోత కూలీలకు తీరికయ్యే రోజు చూసి పెట్టారు. ముగ్గురు మాట్లాడారు, నాన్న అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు, తరవాత భోజనాలు.

అంతటి ఇంట్లోనూ ఒక ఆచారం చెక్కుచెదరకుండా మిగిలింది. అదే చలిమిడి. ఆడపిల్ల కడుపుతో ఉందంటే కన్నతల్లి తడి బియ్యప్పిండి దంచి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోసి, కొబ్బరిముక్కలు వేసి, గిన్నెడు చలిమిడి చేసి పెట్టాలి. కడుపు చలవంటారు. లోపలి బిడ్డకు చల్లగా ఉంటుందట. పసుపు కుంకుమలు, పేరంటాలు అన్నీ వదిలేసిన మా అమ్మ దీన్ని మాత్రం వదల్లేదు. నాన్న కూడా అడ్డు చెప్పలేదు. "అందులో దేవుడెక్కడున్నాడే, పిండీ బెల్లమేగా" అనేవాడు. దేవుడు లేని చోట తప్పు కూడా ఉండదని మా ఇంట్లో ఒక నమ్మకం. అది కూడా నమ్మకమేనని మాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

తొంభైల చివర అక్క మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు పురిటికి పుట్టింటికి వచ్చింది. అది కల్లాల కాలం. కోసిన మిరపకాయలు ఇంటి వెనక ఎర్రగా పరిచి ఉండేవి. అక్క చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. "కల్లం ఘాటు, దాహం కాక ఏం చేస్తుంది" అనేది అమ్మ. మాటిమాటికీ దొడ్లోకి వెళ్ళేది. "అన్ని నీళ్ళు తాగితే పోవా మరి." ఒళ్ళంతా నీరసం. "ఎండ." అక్కకు చెప్పుకోలేని చోట దురద. అమ్మతో మాత్రం చెప్పింది. "కాయలు ముట్టిన చేతులు కడుక్కోకుండా వెళ్ళుంటావు" అంది అమ్మ. మా ఊళ్ళో ప్రతి బాధకూ మిరపకాయ దగ్గర ఒక జవాబు ఉండేది. ఆ జవాబు ఎంత సరిగ్గా అతికేదంటే, ఇంకొకటి వెతకాలని ఎవరికీ తోచేది కాదు. మేం మిరప రైతులం. మాకు ఘాటు తెలుసు. తీపి గురించి ఏమీ తెలియదు.

చలిమిడి మాత్రం అక్క ఇష్టంగా తిన్నది. గిన్నె ఖాళీ అయ్యాక అమ్మ మళ్ళీ చేసింది.

కాన్పు కష్టమైంది. తల బయటికొచ్చాక బిడ్డ భుజాలు ఆగిపోయాయట. లోపల ఏం జరిగిందో ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. వరండాలో కూర్చున్న మాకు ముందు అక్క అరుపు, తరవాత చాలాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించాయి. నర్సు తలుపు తీసి "మగపిల్లాడు, బండలా ఉన్నాడు" అంది. ఆ 'బండ' అన్న మాటను అమ్మ ఊరంతా మోసుకెళ్ళింది. తరవాత కాటా. తరవాత చూడటానికి వచ్చినవాళ్ళందరికీ కాటా కథ. అక్క వెనక గదిలో పక్కకు తిరిగి పడుకుని ఉండేది. "ఎలా ఉందమ్మా బాలింత?" అని అడిగినవాళ్ళకు అమ్మ "బాగానే ఉంది" అని చెప్పేది. వాళ్ళు వెంటనే పిల్లాడి దగ్గరికి తిరిగేవారు.

రెండోసారి అక్క నెల తప్పేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. అక్కది సత్తెనపల్లి వైపు పత్తి పల్లె, అక్కణ్ణుంచి గుంటూరు దగ్గర. అందుకని ఈసారి గుంటూరులోనే ఒక లేడీ డాక్టరుకు చూపిద్దామన్నాను. ఐదో నెల దాటాక అక్కా అమ్మా వచ్చారు. నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి. తక్కువ మాట్లాడేది, అడిగింది మాత్రం వదిలేది కాదు.

"మొదటి బిడ్డ ఎంత బరువు?"

అమ్మ ముఖం వెలిగింది. "నాలుగున్నర దాకా అండి. మా ఆయన కాటా వేసి చూశాడు. మా రెండు వైపులా అంత పిల్లాడు పుట్టలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. "కాన్పు ఎలా జరిగింది?"

"కాస్త కష్టమైందండి. ఎవరికి కాదు గనక."

"నువ్వు చెప్పమ్మా" అంది డాక్టరమ్మ, అక్క వైపు తిరిగి.

అక్క బల్ల అంచు చూస్తూ చెప్పింది. "చాలా కుట్లు పడ్డాయండి. రక్తం బాగా పోయింది. చాలా రోజులు కూర్చోలేకపోయాను. ఇప్పటికీ దగ్గు వస్తే భయమేస్తుంది, బట్ట తడుస్తుందేమోనని."

ఈ మాటలు నేను అంతకుముందు వినలేదు. అమ్మ ముఖం చూస్తే ఆమె కూడా వినలేదని తెలిసింది. పిల్లాడికి నాలుగేళ్ళొచ్చాయి అప్పటికి.

"మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?"

"అబ్బే, మాకెందుకుంటుందండీ. కష్టం చేసుకునేవాళ్ళం" అంది అమ్మ.

డాక్టరమ్మ అక్కకు ఒక గ్లాసు గ్లూకోజు నీళ్ళు తాగించి, గంట కూర్చోబెట్టి, రక్తం తీయించింది. చక్కెర ఎక్కువగా ఉంది. ఇది ఖాయంగా తేల్చే పరీక్ష కాదని, ఒకరోజు పరగడుపున వస్తే వివరంగా చూస్తానని చెప్పింది. కొందరు ఆడవాళ్ళకు గర్భంతో ఉన్నప్పుడే రక్తంలో చక్కెర పెరుగుతుందని, ఆ చక్కెరే బిడ్డను అతిగా పెంచుతుందని, తల్లికి రక్తపోటు, కాన్పులో చిరగడం, రక్తం పోవడం లాంటి ప్రమాదాలు తెస్తుందని విడమరిచి చెప్పింది. అమ్మ అంతా విని, బయటికొచ్చాక నాతో అంది: "తాగించింది వాళ్ళేగా?"

ఆ మాట ఊరు చేరింది. నాన్న చెవికీ చేరింది.

పరగడుపు పరీక్షకు అమ్మ బదులు నాన్న వచ్చాడు. అక్కను తీసుకుని నేను వరండాలో ఉంటే, ఉతికిన చొక్కా, భుజాన తువ్వాలుతో నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. వెనకే మేమూ వెళ్ళాం.

"చూడండి డాక్టరమ్మా, నేను వాదనకు రాలేదు" అన్నాడు. మా నాన్న ఆ మాట అన్నాడంటే వాదనకే వచ్చాడని అర్థం. "తీపి తాగించి షుగరంటారా? గ్లూకోజు తాగిస్తే రక్తంలో గ్లూకోజు కాక కారం కనపడుతుందా? మిరపకాయ నమిలించి, నోరు మండుతోంది కాబట్టి నీకు జబ్బంటే మీరు ఒప్పుకుంటారా?"

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. "మిరపకాయ నమిలితే ఎంతసేపు మండుతుందండీ?"

"కాసేపు."

"గంటలు గడిచినా మంట తగ్గకపోతే ఏమనుకుంటారు?"

"నోట్లో ఏదో పుండుందనుకుంటాం."

"నేను చూసేదీ అదే. తీపి ఎవరు తాగినా చక్కెర పెరుగుతుంది. ఎంత పెరిగింది, మళ్ళీ దిగిందా అని చూస్తాను."

ఎవరైనా అయితే అక్కడితో లేచేవారు. మా నాన్న తువ్వాలు సర్దుకున్నాడు. "పోలిక బాగుంది. కానీ పోలిక రుజువు కాదు. నేనూ తాగుతాను. నాకూ ఎక్కువని వస్తే మీ పరీక్ష తప్పని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను. మీకూ షుగరుందంటాను."

"ఇదెక్కడి న్యాయమండీ? బొమ్మ పడినా బొరుసు పడినా గెలుపు మీదేనా?"

అప్పుడు డాక్టరమ్మ నవ్వింది. "న్యాయంగానే అడిగారు. అయితే మూడో మనిషిని పెడదాం." నా వైపు చూసింది. "నువ్వేమైనా తిన్నావా పొద్దున?"

"లేదండి" అన్నాను. హాస్టలు ఉప్మా అంటే నాకు పడదు.

అలా ఆ రోజు ముగ్గురం బెంచీ మీద వరసగా కూర్చున్నాం. ముందు పరగడుపున ముగ్గురికీ రక్తం తీశారు. తరవాత ముగ్గురికీ ఒకే కొలతలో గ్లూకోజు కలిపి మూడు గ్లాసులు ఇచ్చారు. నాన్న కొలత దగ్గరుండి చూశాడు. అక్క ముక్కు మూసుకుని తాగేసి, నాన్న గ్లాసు వైపు చూసింది.

"పానకం తాగుతున్నావు నాన్నా. శ్రీరామనవమికి కూడా ముట్టవుగా."

"ఇది రాముడి పానకం కాదులే, శాస్త్రం పానకం" అన్నాడు నాన్న. ఎదురుగా కూర్చున్న ఎవరో ముసలమ్మ ఏమీ అర్థంకాకపోయినా నవ్వింది.

గంట గంటకూ సూది. మధ్యలో నాన్న పేపరు మొత్తం చదివి, వెనక పేజీ ప్రకటనలు కూడా చదివాడు. అక్క నా భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. కడుపులో పిల్ల కదిలినప్పుడల్లా నా చెయ్యి లాగి అక్కడ పెట్టేది. "ఇదిగో, దీనికి పానకం చేరింది" అనేది మెల్లగా. ఆ మాట తమాషాగానే అంది. కానీ సరిగ్గా అదే జరుగుతోందని, తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర బిడ్డకు చేరుతోందని నాకు మధ్యాహ్నానికి తెలిసింది.

ఫలితాలు వచ్చాయి. నాది పెరిగి, దిగి, మొదలున్న చోటికి దాదాపు వచ్చేసింది. అక్కది పెరిగి, దిగాల్సినంత దిగకుండా అక్కడే కూర్చుంది. నాన్నది చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

నాన్న ముందే అందుకున్నాడు. "నాకూ ఎక్కువేనా? చూశారా మరి. నేనేమన్నాను?"

"మీది తాగకముందు తీసిన రక్తంలోనే ఎక్కువండి" అంది డాక్టరమ్మ. "అప్పటికి నేను మీకేమీ తాగించలేదు."

నాన్న ఫలితాల కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"అంటే?" అన్నాడు నాన్న.

"అంటే మీకు షుగరుంది. ఈ రోజు వచ్చింది కాదు, చాలా కాలంగా ఉండుంటుంది. ఇంట్లో ఎవరికీ లేదన్నారు మీ ఇంటావిడ. ఎవరూ చూపించుకోలేదని దానర్థం. తండ్రికుంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఆ ప్రశ్న అడుగుతాం."

ఎన్నో ఏళ్ళుగా అరుగు మీద ఎదుటివాణ్ణి రుజువు అడిగిన మనిషి, ఆ రోజు తన ఒంట్లోంచి తీసిన రుజువు ముందు కూర్చున్నాడు. నేను ఆయన ముఖంలోకి చూడలేదు. బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కూడా ఆ రోజు వాళ్ళతో ఊరికి వెళుతున్నాను. చిలకలూరిపేటలో బస్సు ఆగినప్పుడు నాన్న నా వైపు తిరగకుండానే అడిగాడు.

"మూడు గ్లాసులూ ఒకటేగా?"

"ఒకటే నాన్నా. నువ్వే చూశావుగా."

"అయితే తేడా గ్లాసులో లేదు" అన్నాడు.

ఓడిపోయానని ఆయన చెప్పే పద్ధతి అది. ఆ సాయంత్రం అరుగు మీద ఇదే కథ తానే చెప్పాడని, చివర "నేను ముప్పై ఏళ్ళు దయ్యాన్ని వెతికాను గానీ నా ఒంట్లో ఏముందో వెతకలేదు" అన్నాడని తరవాత విన్నాను. అందుకు ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది. వాదించడం మా ప్రాంతంలో చాలామందికి వచ్చు. పరీక్షకు తన చెయ్యి చాచడం, వచ్చిన ఫలితాన్ని తానే పదిమందికి చెప్పడం అంత సులువుగా రాదు.

ఇక మిగిలింది అమ్మ.

డాక్టరమ్మ అక్కకు తిండి మార్చింది. అన్నం తగ్గించి కూర, పప్పు, మజ్జిగ పెంచమంది. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తినమంది. తిన్నాక నడవమంది. అక్క పుట్టింట్లో ఉండి సాయంత్రాలు కాలవగట్టు మీద నడిచేది, నాన్న కూడా తోడు నడిచేవాడు. ఇద్దరు షుగరోళ్ళు పోతున్నారని ఊళ్ళో నవ్వేవారట. ఏడో నెలలో ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లోంచి బెల్లం పాకం వాసన వస్తోంది.

అమ్మ ఇత్తడిగిన్నెలో చలిమిడి తెచ్చి అక్క ముందు పెట్టింది.

"అమ్మా, ఏంటిది?" అన్నాను.

"నీకు కాదులే, నోరు మూసుకో. ఒక్క ముద్దకేమవుతుంది? కడుపు చలవ చెయ్యకుండా కాన్పుకి పంపమంటావా?"

"డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా."

"ఆవిడకి చదువుంది, నాకు ఇద్దరు పిల్లలున్నారు. మొదటిసారి పెట్టాను. మహారాజులా పుట్టలా? ఊరంతా చూడ్డానికి రాలా?"

నేను గొంతు పెంచబోయాను. మా నాన్న కూతుర్ని. ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కానీ అక్క గిన్నెను చేత్తో మెల్లగా పక్కకు జరిపి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"వాడు మహారాజులాగే పుట్టాడమ్మా. చిరిగింది నేను."

అమ్మ నిలబడిపోయింది.

"వాణ్ణి తూచారు. నన్నెవరూ చూడలేదు. నువ్వు కూడా" అంది అక్క.

అమ్మ గిన్నె తీసుకుని వెనక కల్లంలోకి వెళ్ళింది. రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న కూలీలకు చలిమిడి పంచడం కిటికీలోంచి కనిపించింది.

"పెద్దమ్మాయికి పెట్టకుండా మాకెందుకమ్మా?" అంది ఒకామె చెయ్యి చాస్తూనే.

"దానికి షుగరంట."

"కడుపుతో ఉన్నదానికి షుగరేందమ్మా ఇడ్డూరం. ముసలోళ్ళకు గదా వచ్చేది."

"నేనూ అదే అనుకున్నానే" అంది అమ్మ. కాస్త ఆగి, "మీలో ఎవరైనా నీళ్ళోసుకున్నవాళ్ళుంటే ఒకసారి రక్తం చూపించుకోండి" అంది. అక్కడ ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు.

మర్నాడు అదే ఇత్తడిగిన్నెలో పెసల గుగ్గిళ్ళు వచ్చాయి. తాలింపు వేసి, పైన పచ్చికొబ్బరి చల్లి ఉన్నాయి. "పెసలు చలవే. ఇది కూడా వద్దంటారా మీ డాక్టరమ్మ?" అంది అమ్మ నన్ను చూసి, కోపంగానే. అక్క తిన్నది. ఆచారం అంటే గిన్నెలోని బెల్లం కాదు, కడుపులోని బిడ్డ కోసం కాక కూతురి కోసం గిన్నె నింపడం అని అమ్మ ఎవరి ఉపన్యాసమూ లేకుండా తేల్చుకుంది. నా సిద్ధమైన ఉపన్యాసం అలాగే మిగిలిపోయింది.

ఎనిమిదో నెలలో తిండితో, నడకతో చక్కెర అదుపులోకి రాలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టాలన్నారు. బావ భయపడ్డాడు. "సూది అలవాటైతే జన్మంతా పొడుచుకోవాలంట" అని ఎవరో చెప్పారట. అది అలవాటయ్యేది కాదని, కాన్పుదాకా తల్లినీ బిడ్డనూ కాపాడేదని డాక్టరమ్మ ఆయన్ను కూర్చోబెట్టి చెప్పింది. కరెంటు సరిగ్గా ఉండని కాలం కాబట్టి, ఫ్రిజ్‌ను నమ్మకుండా మందుసీసాను డబ్బాలో పెట్టి చల్లటి నీళ్ళకుండలో ఉంచేవాళ్ళం. మొదట్లో రోజూ నర్సమ్మ వచ్చి వేసేది. తరవాత అక్కే నేర్చుకుంది. సూది గుచ్చుకునేటప్పుడు పెద్దవాడు ఎదురుగా కూర్చుని తన మోచెయ్యి పట్టుకుని "అమ్మా, నొప్పా?" అని అడిగేవాడు. "నిన్ను కన్నంత కాదులేరా" అనేది అక్క.

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల పిల్ల. భుజాలు ఆగలేదు, రక్తం అంతగా పోలేదు. పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోతుందేమోనని మడమలో సూది గుచ్చి చూశారు, బాగానే ఉంది. నాన్న లోపలికి వచ్చేసరికి అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కూర్చుని ఉంది, అది గమనించండి.

"కాటా తేలేదా నాన్నా?" అంది.

"దాన్ని వాళ్ళు తూచారంటలే" అన్నాడు నాన్న. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నువ్వెలా ఉన్నావమ్మా?"

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను రాయాల్సిన పనే లేదు. ఒక ఇల్లు మారింది, ఒక కాన్పు బాగా జరిగింది, సంతోషం. కానీ మేం ఇంకో మాట దగ్గర బోల్తా పడ్డాం. మంచి మాటే, అందరూ వాడే మాటే.

కాన్పు తరవాత అక్క రక్తంలో చక్కెర మామూలుకు వచ్చింది. ఇన్సులిన్ ఆపేశారు. "షుగర్ పోయింది" అంది అమ్మ. "పోయింది" అన్నాడు బావ. పోయింది, పోయింది అని ఫోనుల్లో అందరికీ చెప్పుకున్నాం. డాక్టరమ్మ మాత్రం ఆ మాటను అక్కడే పట్టుకుంది. "పోలేదమ్మా. పక్కకు తప్పుకుంది. ఆరు వారాల తరవాత వచ్చి చూపించుకో. తరవాత ప్రతి ఏడూ చూపించుకో. గర్భంలో వచ్చినవాళ్ళకు తరవాత మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ." అక్క తల ఊపింది. మేమందరం తల ఊపాం.

ఆరు వారాలకు అక్క అత్తగారి ఊళ్ళో ఉంది. పత్తితీత మొదలైంది. చంటిపిల్ల. పరగడుపున బస్సెక్కి వెళ్ళడం ఎలా? తరవాత చూద్దామనుకుంది. తరవాత పెద్దవాడికి బడి. తరవాత పురుగు వచ్చి పైరు పోయిన ఏడు. ప్రతి ఏడూ ఏదో ఒకటి. నాన్న తన మాత్రలు వేళకు వేసుకునేవాడు, మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి వచ్చేవాడు, అరుగు మీద అందరికీ చెప్పేవాడు. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి చూపించుకునేవాడు. అక్కకు పోయింది కాబట్టి ఎవరూ అడగలేదు. తండ్రి జబ్బు ఇంటి విషయం, కూతురి జబ్బు కాన్పు విషయం. కాన్పు అయిపోతే అదీ అయిపోయింది.

మూఢనమ్మకం అంటే చింతచెట్టు మీద దయ్యం అనుకునే రోజుల్లో పెరిగాం మేం. వేలాడే నిమ్మకాయను చూసి నవ్వుతాం. చూడకుండానే, కొలవకుండానే, ఒక ఆడమనిషి ఒంట్లోంచి జబ్బు వెళ్ళిపోయిందని ఇంటిల్లిపాదీ నమ్మితే దాన్నేమంటారు? నిమ్మకాయ కట్టినవాడు కనీసం భయపడి ఏదో ఒకటి చేశాడు. మేం అదీ చెయ్యలేదు.

చిన్నపిల్ల రెండో తరగతికి వచ్చిన ఏడు, కోసేసిన పత్తి చేలో నడుస్తుంటే అక్క కాలి చిటికెనవేలి దగ్గర మోడు గుచ్చుకుంది. పసుపు రాసింది, కట్టు కట్టింది. వారాలు గడిచాయి. అమ్మతో ఫోనులో మాట్లాడుతూ మాటవరసకు చెప్పింది: "మోడు గుచ్చుకుందమ్మా, మానడం లేదు."

నాన్న అమ్మ చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. గాయం గురించి ఒక్క మాట అడగలేదు.

"దాహం ఎక్కువగా ఉంటోందా?"

"ఎండలు కదా నాన్నా."

"షుగర్ చూపించుకున్నావా?"

"అది అప్పుడే పోయిందిగా."

ఆ సాయంత్రమే నాన్న బయలుదేరి వెళ్ళి అక్కను గుంటూరు తెచ్చాడు. పరగడుపు దాకా ఆగలేదు, వచ్చిన వెంటనే రక్తం తీయించాడు. ఎక్కువగా ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు గనక. కాలు నిలిచింది. మానడానికి నెలలు పట్టింది. కంటి డాక్టరు కూడా కంటి లోపలి రక్తనాళాల్లో మార్పు మొదలైందని చెప్పి, ఇక నుంచి విడవకుండా చూపించుకోమన్నాడు.

షుగర్ పోయిందనుకున్నాం. పోయింది మా అక్క కాలి చిటికెనవేలు.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. మందులు వేసుకుంటుంది, నడుస్తుంది, మూడు నెలలకోసారి పొద్దున్నే మొదటి బస్సుకు వస్తుంది. నాన్నా తనూ ఒకే రోజు రక్తం ఇస్తారు. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఎవరిది తక్కువొస్తుందో పందెం కాసుకుంటారు. మొన్న నేనూ వెళ్ళాను. అక్క కూతురు కూడా వచ్చింది, సెలవులు కదా. ఆ పిల్ల గోడ మీద బొమ్మ చూస్తూ అడిగింది: "అమ్మా, నీకు షుగర్ నా వల్ల వచ్చిందంటగా?"

"ఎవరే చెప్పింది?"

"నాయనమ్మ."

అక్క పిల్లను దగ్గరికి లాక్కుంది. "నీ వల్ల రాలేదు. నీ వల్ల తెలిసింది" అంది. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు ఏవేవో రాస్తుంటావుగా. ఇది రాయి. పోయింది అని ఎవరూ అనొద్దని రాయి" అంది.

రాశాను. ఇక మీ వంతు. మీ ఇంట్లో, మీ పక్కింట్లో, మీ చేలో ఎవరైనా కడుపుతో ఉంటే ఈ వారంలోనే ఆమెను వెంట తీసుకెళ్ళి ఆ గ్లూకోజు నీళ్ళు తాగించి రక్తం చూపించండి. తాగించింది వాళ్ళేగా అని వాదించేవాళ్ళుంటే, వాళ్ళను కూడా తీసుకెళ్ళి ఇంకో గ్లాసు తాగించండి. కడుపుతో ఉన్న నెలల్లో షుగర్ వచ్చి పోయిందని చెప్పే తల్లి మీ ఎరుకలో ఉంటే, ఆమె పిల్లలకు ఎన్నేళ్ళొచ్చినా సరే, రేపు పొద్దున పరగడుపున ఆమెను బస్సెక్కించండి. బిడ్డ బరువు తరవాత చెప్పుకోవచ్చు. ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, నువ్వెలా ఉన్నావని అడగండి.